నాలుగు దీపాల కథ



ఈ నెల మిమ్మల్ని సముద్రం ఒడ్డుకు తీసుకుపోతాను. స్నానానికి కాదు, గవ్వలు ఏరటానికీ కాదు. ఒక దీపాన్ని చూడటానికి. ఆ దీపం మద్రాసులో, అంటే ఇప్పటి చెన్నైలో ఉన్నది. అది రెండు వందల ఏళ్ళకు పైగా వెలుగుతున్నది. అయితే ఒక్కచోట కాదు. ఇప్పటికి మూడుసార్లు ఇల్లు మారింది. మొదటి ఇల్లు ఒక మేడ కప్పు. రెండవది ఒక రాతి స్తంభం. మూడవది ఒక కోర్టు శిఖరం. నాలుగవ ఇంటిలో ఇప్పుడున్నది.

ఈ దీపం విషయంలో నేను ఒక కుర్రవాడి ముందు తలవంచుకోవలసి వచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాను.

అది 1991వ సంవత్సరం. అప్పటికి నేను హెడ్మాష్టరును కాలేదు. పాత నెల్లూరు జిల్లాలో, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరి బడిలో సైన్సు మాష్టారును. ఎనిమిదవ తరగతికి కాంతి పాఠం చెబుతూ, ఉదాహరణకని దీపస్తంభం బొమ్మ నల్లబల్ల మీద వేసి, "దీపస్తంభం ఓడలకు దారి చూపిస్తుంది. ఇటు రమ్మని పిలుస్తుంది," అన్నాను.

వెనక బల్లలో ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు. వాళ్ళది వేటకు పోయే కుటుంబం. తండ్రి, చిన్నాన్నలు, తాత అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. ఆ అబ్బాయి తరగతిలో ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు.

"అన్ని దీపాలూ రమ్మని చెప్పవు సార్. కొన్ని రావద్దని చెబుతాయి," అన్నాడు.

పిల్లలంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "మరి ఏది రమ్మంటున్నదో, ఏది వద్దంటున్నదో ఎట్లా తెలుస్తుందిరా? దీపానికి నోరు ఉన్నదా?" అని అడిగాను.

"లెక్కపెట్టాల సార్," అన్నాడు వాడు. "మా తాత లెక్కపెట్టబట్టే మా నాయన ఇంటికొచ్చినాడు."

ఆ తరువాత వాడు చెప్పిన కథ ఇది. వాడు పుట్టకముందు, ఒక కార్తీక మాసంలో, వాళ్ళ తాత సరంగుగా నలుగురు వేటకు పోయారు. వాళ్ళలో ఈ అబ్బాయి తండ్రి అందరికన్నా చిన్నవాడు. సాయంకాలానికి ఈశాన్యపు గాలి లేచింది. ఆ రోజుల్లో మన తీరం వెంట నీటివాలు కూడా దక్షిణానికే లాగుతుంది. గాలీ నీరూ ఒకే వైపు నెడితే తెరచాప పడవ ఏం చెయ్యగలదు? చీకటి పడేసరికి ఒడ్డు కనబడటం మానేసింది. ఏ ఊరికి ఎదురుగా ఉన్నారో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి దాటిన తరువాత పడమట ఒక వెలుగు మిణుకుమన్నది.

"అదుగో మన దీపం! ఇక ఒడ్డుకు పోదాం," అని కుర్రవాళ్ళు కేకలు పెట్టారు. పొద్దుటి నుంచి తడిసి, వణికిపోతూ ఉన్నారు పాపం. చుక్కాని తిప్పబోయారు.

తాత, "ఆగండిరా!" అన్నాడు. ఒక మెరుపుకూ ఇంకొక మెరుపుకూ మధ్య ఉన్న చీకటిని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "ఇది మనది కాదు. మనది ఇంత సేపు ఆగదు. ఇది కింది దీపం. దీని ముందర నీళ్ళలో ఇసుక మేట ఉండాది," అన్నాడు. కుర్రవాళ్ళు నమ్మలేదు. కోపం కూడా తెచ్చుకున్నారు. కాని సరంగు మాట సరంగు మాటే గనక లంగరు వేశారు. రాత్రంతా నీళ్ళు తోడిపోసుకుంటూ కూర్చున్నారు. తెల్లవారి చూస్తే, పడవకూ ఒడ్డుకూ మధ్య అలలు తెల్లగా నురగలు కక్కుతూ విరుగుతున్నాయి. ఇసుక మేట అక్కడే ఉన్నది.

వాడు కథ ముగించి కూర్చున్నాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి నేను ఇంటికి పోయి నా దగ్గర ఉన్న పుస్తకాలన్నీ తిరగవేశాను. ఆ అబ్బాయి చెప్పినదే నిజం. దీపస్తంభాలలో రేవును చూపించేవి కొన్ని, ప్రమాదాన్ని చూపించేవి కొన్ని. ఉత్తరాన విజయనగరం జిల్లాలో శాంతపల్లి దీపం ఉన్నది. అది 1847 నాటిది. దానిని కట్టింది ఓడలను పిలవటానికి కాదు. ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో రాళ్ళు దాగి ఉన్నాయి. వాటికి దూరంగా పొండి అని చెప్పటానికి. అదే విశాఖపట్నంలో డాల్ఫిన్ ముక్కు కొండ మీద 1957లో కట్టిన దీపం రేవును ఆనవాలు పట్టటానికి పనికివస్తుంది. రెండూ వెలుగులే. చెప్పే మాటలు వేరు.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఊరుకుంటే బాగుండేది. ఆ ఉత్సాహంలో, "సంక్రాంతి సెలవుల తరువాత మిమ్మల్నందరినీ మద్రాసు తీసుకుపోయి, దీపస్తంభం ఎక్కించి చూపిస్తాను," అని మాట ఇచ్చాను. ఆ మాట ఏమయిందో తరువాత చెబుతాను. ముందు మద్రాసు దీపం కథ వినండి.

కుంఫిణీవారికి మద్రాసు కన్నా ముందు మన తీరంలోనే ఒక స్థావరం ఉండేది. పాత నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నంలో వాళ్ళు 1626లో వ్యాపారం పెట్టారు. వాళ్ళు దానిని ఆర్మగాన్ అనేవారు. అక్కడ సాగక, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర దక్షిణాన ఒక ఇసుక నేల పుచ్చుకున్నారు. ఆ దామెర్లవారు తెలుగువారే. వారి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదనే చెన్నపట్నం అనే పేరు వచ్చింది. అక్కడ కుంఫిణీవారు కట్టిన కోట సెయింట్ జార్జి కోట.

కోట అయితే కట్టారు గాని, అక్కడ రేవు లేదు! తీరం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఓడ దాక్కునే మూల లేదు. పెద్ద ఓడలు దూరంగా, నడి సముద్రంలో లంగరు వేసుకునేవి. మనుషులనూ సరుకులనూ మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవాళ్ళు. ఆ పడవలకు ఒక్క మేకు కూడా ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ ఆ కెరటాల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి, తట్టుకుని, మళ్ళీ లేస్తుంది. రేవు కట్టే పని 1875లో మొదలుపెట్టారు. 1881లో తుఫాను వచ్చి, కట్టిన గోడలను పడగొట్టింది. మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. అంటే మద్రాసుకు రేవు రాకముందే దీపం వచ్చింది. నా ఉద్దేశంలో అదే సరి అయిన వరస.

మొదటి దీపం 1796లో వెలిగింది. కోటలో వర్తకులు కలుసుకునే ఒక పెద్ద మేడ ఉండేది. ఆ మేడ కప్పు మీద ఒక పెద్ద లాంతరు పెట్టి, కొబ్బరినూనె దీపాలు వెలిగించారు. అవును, మీ అమ్మ మీ తలకు రాసే కొబ్బరినూనే! సాయంకాలం వత్తి వెలిగించటం, రాత్రంతా దానిని కనిపెట్టుకుని ఉండటం, పొద్దున్నే గాజుకు పట్టిన మసి తుడవటం, ఇదే కాపలావాడి పని. గాలి వచ్చినా, వాన వచ్చినా, కాపలావాడికి జ్వరం వచ్చినా దీపం ఆరిపోకూడదు. ఆ మేడ ఇప్పటికీ ఉన్నది. అందులో ఇప్పుడు కోట మ్యూజియం ఉన్నది. ఎప్పుడైనా పోతే కత్తులనూ నాణేలనూ చూసి తిరిగివచ్చెయ్యకండి. బయటికి వచ్చి తల ఎత్తి ఆ కప్పును కూడా ఒకసారి చూడండి.

రెండవ దీపం 1844లో వెలిగింది. కోటకు ఉత్తరంగా, ఇప్పుడు హైకోర్టు ఉన్న ఆవరణలో, సుమారు 125 అడుగుల ఎత్తున గ్రానైటు రాతి స్తంభం కట్టి దాని మీద పెట్టారు. ఆ స్తంభం గుడి ధ్వజస్తంభంలాగా ఉండదు. పాతకాలపు గ్రీకు ఆలయాల స్తంభాల పద్ధతిలో, నిలువునా చారలు చెక్కి ఉంటుంది. దీనికి నమూనా వేసింది మద్రాసు ఇంజనీర్ల దళంలోని కెప్టెన్ జె. టి. స్మిత్. ఈయన సున్నాలనూ గచ్చులనూ గురించి వికా అనే ఫ్రెంచి ఇంజనీరు రాసిన పుస్తకాన్ని 1837లో ఇంగ్లీషులోకి మార్చాడు కూడా. సున్నం సంగతి తెలిసినవాడు కట్టించాడు గనకనే అది ఇప్పటికీ నిలిచి ఉన్నదేమో!

ఈ స్తంభం మీద ఆర్గాండ్ దీపాలు పెట్టారు. మామూలు వత్తి చుట్టూ గాలి తగులుతుంది గాని నడుమకు చేరదు. అందుకని మంట ఎర్రగా ఉండి పొగ వస్తుంది. ఆర్గాండ్ అనే ఆయన వత్తిని గొట్టంలాగా చేసి, దాని లోపలి నుంచి కూడా గాలి పోయేట్టు చేశాడు. మంట తెల్లగా, పొగ లేకుండా వచ్చింది. ఆ దీపాల వెనక గిన్నెల్లాంటి అద్దాలు పెట్టి, వెలుగును సముద్రం వైపుకు తోశారు.

ఇక మూడవ ఇల్లు. 1892లో స్తంభం పక్కనే ఎర్ర ఇటుకల హైకోర్టు భవనం పూర్తి అయింది. దాని శిఖరాలు స్తంభం కన్నా ఎత్తుగా లేచాయి. అటువంటప్పుడు ఇంకా పొట్టి స్తంభం మీద దీపం ఎందుకు? కోర్టు శిఖరాలలో అన్నిటికన్నా ఎత్తయినదాని మీద, సుమారు 175 అడుగుల ఎత్తున, 1894లో కొత్త దీపం పెట్టారు. ఇది కిరసనాయిలు దీపం. కింద న్యాయం, పైన వెలుగు అని మా నాన్నగారు తమాషాగా అనేవారు. నా చిన్నతనంలో వెలిగింది ఈ దీపమే. నేను దానిని చూశాను.

ఆ దీపం ఉన్న కాలంలో ఒక పెద్ద గడబిడ జరిగింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక చడీచప్పుడూ లేకుండా మద్రాసు ముందుకు వచ్చింది. పట్టణం దీపాలతో వెలుగుతున్నది. శత్రువు ఇంత దూరం వస్తాడని ఎవరూ అనుకోలేదు. నౌక గుండ్లు పేల్చింది. రేవు దగ్గర ఉన్న నూనె తొట్లు అంటుకుని భగ్గున మండాయి. హైకోర్టుకు కూడా దెబ్బ తగిలింది. ఎంతమందో ఊరు విడిచి పారిపోయారు. నౌక ఎట్లా వచ్చిందో అట్లాగే చీకటిలో కలిసిపోయింది. నవంబరులో కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక ఒకటి దానిని దెబ్బతీసింది. తమిళులు ఇప్పటికీ గడుసువాణ్ణి చూసి 'వాడొక ఎమ్డెన్' అంటారు. దీపానికి స్నేహితుడు, శత్రువు అనే తేడా ఏముంటుంది? అందుకే యుద్ధాలు వచ్చినప్పుడు దీపాలు ఆర్పమంటారు.

నాలుగవ దీపం 1977లో మెరీనా ఒడ్డున వెలిగింది. ఇది మూడు పలకల కట్టడం. ఎరుపు తెలుపు పట్టీలతో, ఇసుక మీద ఎవరో కర్రబొమ్మను నిలబెట్టినట్టు ఉంటుంది. ఎత్తు సుమారు 150 అడుగులు. ఇందులో మెట్లే కాదు, లిఫ్టు కూడా ఉన్నది. మన దేశంలో లిఫ్టు ఉన్న దీపస్తంభం బహు అరుదు.

కొబ్బరినూనె నుంచి కరెంటు దాకా ఇంత మారినా, ఒక్క కోరిక మాత్రం మారలేదు చూశారా? దీపం ఎత్తున ఉండాలి. ఎందుకని? వెలుగు ఎక్కువైతే చాలదా? చాలదు. భూమి గుండ్రంగా ఉన్నది. కొంత దూరం పోయాక నీటి వంపే దీపానికి అడ్డం వస్తుంది. ఎంత పెద్ద దీపమైనా నేల మీద పెడితే ఆ వంపు వెనక్కు పోయి కనబడదు.

ఎంత ఎత్తున ఉంటే ఎంత దూరం కనబడుతుంది? దీనికి ఒక చక్కని లెక్క ఉన్నది. ఎత్తును అడుగులలో తీసుకోండి. దానిని ఒకటిన్నర చెయ్యండి. వచ్చినదానికి వర్గమూలం కట్టండి. అన్ని మైళ్ళు కనబడుతుంది. 150 అడుగుల దీపం తీసుకోండి. ఒకటిన్నర చేస్తే 225. వర్గమూలం 15. కాబట్టి పదిహేను మైళ్ళు. ఆరడుగుల మనిషి ఒడ్డున నిలబడితే? ఆరుకు ఒకటిన్నర తొమ్మిది, వర్గమూలం మూడు. మూడు మైళ్ళ దూరంలో ఆకాశం, నీరు కలుసుకుంటాయి. ఇప్పుడు రెండూ కలపండి. పడవలో ఉన్న మనిషి కన్ను నీటికి ఆరడుగుల ఎత్తున ఉంటే, ఆ దీపాన్ని 15, 3 కలిపి 18 మైళ్ళ దూరం నుంచి చూడగలుగుతాడు. కిలోమీటర్లలో కావలసినవాళ్ళు మైలుకు 1.6 చొప్పున వేసుకోండి.

ఈ ఒకటిన్నర ఎక్కడిది అని అడిగేవాళ్ళు మీలో ఉంటారు. అడగాలి! దూరాన్ని దూరంతో గుణిస్తే, భూమి వ్యాసాన్ని ఎత్తుతో గుణించినదానికి దాదాపు సమానం. పదవ తరగతి పిల్లలు ఒక వృత్తం గీసి, దానికి స్పర్శరేఖ గీసి, పైథాగరస్ సిద్ధాంతంతో దీనిని సాధించవచ్చు. భూమి వ్యాసం సుమారు 7,920 మైళ్ళు. మైలుకు 5,280 అడుగులు. మొదటిదానిని రెండవదానితో భాగించి చూడండి. సరిగ్గా ఒకటిన్నర! భగవంతుడు మాష్టర్ల మీద దయతలచి భూమిని ఆ కొలతకు చేశాడా అనిపిస్తుంది. గాలి వెలుగును కాస్త వంచుతుంది గనక నిజానికి ఇంకొంచెం ఎక్కువ దూరమే కనబడుతుంది. అది లాభం కింద వేసుకోండి.

ఇక వెలుగు సంగతి. ఒక దీపం అన్ని వైపులకూ వెలుగు చల్లుతుంది. ఆకాశానికీ, నేలకూ చల్లినది ఓడవాడికి దండుగ. దానినంతా పోగు చేసి సముద్రం మీదికి పంపించాలి. పెద్ద భూతద్దం పెడితే పంపుతుంది గాని, అంత భూతద్దం గోడంత మందం ఉంటుంది, బండెడు బరువు ఉంటుంది. ఫ్రాన్సు దేశంలో అగస్టిన్ ఫ్రెనెల్ అనే ఆయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. భూతద్దంలో వెలుగును వంచేది దాని పైవంపే. నడుమనున్న మందం ఉత్త బరువు. ఆ మందం తీసేసి, వంపును మాత్రం గాజు ఉంగరాలుగా ఒకదాని చుట్టూ ఒకటి అమర్చాడు. కోసిన ఉల్లిపాయ చక్రాన్ని చూడండి, దాదాపు అట్లా ఉంటుంది. 1823లో కోర్దువాన్ అనే చోట దీపస్తంభం మీద దానిని పెట్టారు. ఫ్రెనెల్ 1827లో, ముప్పై తొమ్మిదో ఏట పోయాడు. ఆయన అద్దం మాత్రం లోకమంతా తిరిగింది. ఇప్పుడు పుస్తకాల అంగళ్ళలో అక్షరాలు పెద్దవిగా కనబడటానికి పలచని ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి అమ్ముతారు. దాని మీద గోటితో రాస్తే గరగరమంటూ గీతలు తగులుతాయి. అది ఫ్రెనెల్ అద్దమే.

దీపస్తంభం మీద దీపం కన్ను ఆర్పుతుందని మనం అనుకుంటాం. చాలా చోట్ల దీపం వెలుగుతూనే ఉంటుంది. దాని చుట్టూ అద్దాల పంజరం తిరుగుతుంది. అద్దం మన వైపు తిరిగినప్పుడు మెరుపు, దాటిపోయినప్పుడు చీకటి. అద్దాలను అమర్చటంలోనూ, తిప్పే వేగంలోనూ తేడా చేస్తే ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క లెక్క వస్తుంది. ఆ లెక్కలన్నీ ఓడల దగ్గర ఉండే పుస్తకంలో అచ్చు వేసి ఉంటాయి. ఆ తాత దగ్గర పుస్తకం లేదు. వేళ్ళు ఉన్నాయి.

మీరు కూడా చేసి చూడవచ్చు. అడుగు తీసేసిన డబ్బా ఒకటి తీసుకోండి. పక్కన, అంగుళం ఎడంగా రెండు నిలువు చీలికలు పెట్టించండి. ఈ పని పెద్దవాళ్ళ చేత చేయించాలి. రేకు చెయ్యి కోస్తుంది. డబ్బాను దారంతో వేలాడదీసి, దాని లోపల చిన్న టార్చిలైటు నిలబెట్టి, దారాన్ని మెలివేసి వదలండి. గది చీకటిగా ఉంటే గోడల మీద రెండు వెలుగు గీతలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయి. ఒక మూల కూర్చుని లెక్కపెట్టండి. మెరుపు, మెరుపు, చీకటి. మీ చెల్లెలి డబ్బాకు మూడు చీలికలు పెడితే అది వేరే రేవు!

ఇక నేను ఇచ్చిన మాట సంగతి.

1992 జనవరిలో ముప్పై నలుగురు పిల్లలతో తెల్లవారుజామున రైలెక్కాను. పులిహోర పొట్లాలు కట్టించాను. దారి పొడుగునా ఈ లెక్కలన్నీ చెప్పాను. మెరీనా చేరి, స్తంభం దగ్గరకు పోయేసరికి గేటు మూసి ఉన్నది. ఆ కిందటి ఏడు మే నెలలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది గదా! ఆ తరువాత భద్రత కోసం పైకి ఎవ్వరినీ పోనివ్వటం లేదట. ముందుగా ఒక ఉత్తరం రాసి కనుక్కుంటే తెలిసేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. తప్పంతా నాదే. కాపలా ఉన్న మనిషిని బతిమాలాను. ఆయన మంచివాడే. కాని ఆయన మాత్రం ఏం చేస్తాడు?

పిల్లలు ఇసుకలో కూలబడ్డారు. ఇద్దరు చిన్నవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. రూపాయి రూపాయి కూడబెట్టుకుని వచ్చినవాళ్ళు. నాకు వాళ్ళ మొహాలు చూడటానికి ధైర్యం లేకపోయింది.

అప్పుడు ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు: "సార్, మా తాత ఏ దీపమూ ఎక్కలేదు. కింద నుంచి చూసేదానికే గదా అది పెట్టింది!"

నేను రాత్రి రైలుకు తిరిగిపోదామని నిశ్చయించాను. అందరం నీటి ఒడ్డున కూర్చున్నాం. పొద్దు గుంకింది. దీపం వెలిగింది. ఆ అబ్బాయిని నిలబెట్టి, "నువ్వే చెప్పరా," అన్నాను. వాడు చెయ్యి ఎత్తి లెక్క మొదలుపెట్టాడు. ముప్పై నలుగురూ గొంతు కలిపారు. నాకు గడియారం ఉన్నది. వాళ్ళ లెక్కతో పోల్చి చూస్తూ కూర్చున్నాను. ఇరవైసార్లు లెక్కపెట్టినా ఒక్కటే వచ్చింది. వేరుశెనగలు అమ్ముకునేవాడు కూడా బుట్ట దించి మాతో లెక్కపెట్టాడు. వాడికి తెలుగు రాదు; అయినా అంకెలు తప్పలేదు.

2013 నవంబరులో ఆ గేటు మళ్ళీ తెరిచారు. నేను పోవటానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. కిందటి వేసవిలో మా మనుమరాలిని తీసుకుని పోయాను. ఈసారి ముందుగా కనుక్కునే పోయాను! ఉదయం కోట మ్యూజియం చూశాం. హైకోర్టు ఆవరణలోకి ఎప్పుడుపడితే అప్పుడు పోవటానికి వీలుండదు గనక ఎర్ర శిఖరాన్ని రోడ్డు మీద నుంచి చూశాం. సాయంకాలం లిఫ్టులో పైకి పోయాం. పైన గాలి టోపీలు లాగేసేటంత బలంగా ఉన్నది. తూర్పున నీరు, నీరు, నీరు. పడమట ఊరు, ఊరు, ఊరు. కింద, స్తంభం పక్కనే, నొచ్చికుప్పంలో వేటకు పోయేవాళ్ళ పడవలు ఇసుక మీద వరసగా పడుకున్నాయి. మనుమరాలు, "తాతయ్యా, ఎంత దూరం చూస్తున్నాం?" అన్నది. లెక్క కట్టమన్నాను. వేళ్ళు మడిచి, పెదవి కొరికి, పదిహేను మైళ్ళకు కొంచెం తక్కువ అన్నది. మనం నిలబడిన చోటు దీపం కన్నా కిందనే గనక ఆ తక్కువ కూడా సరిగ్గానే ఉన్నది.

అక్కడి నుంచే ఆ అబ్బాయికి ఫోను చేశాను. అబ్బాయి అంటున్నాను గాని, ఇప్పుడు వాడికి నలభై ఏడేళ్ళు. స్వంత ఇంజను పడవ ఉన్నది. "ఇప్పుడు మీకు జి.పి.ఎస్. ఉన్నది గదా, దీపంతో పని ఏమున్నదిరా?" అని అడిగాను.

"ఉంది సార్. అది చూసుకునే పోతాం. కాని ఒడ్డు దగ్గరకు వచ్చేప్పుడు మాత్రం తల ఎత్తి లెక్కపెట్టుకుంటాను. తప్పు బొత్తాం నొక్కినామంటే ఆ పెట్టె వేరే ఊరు చూపిస్తది. దీపం ఊరు మారదు గదా!" అన్నాడు. "మా వాడికి కూడా నేర్పినాను. ఇప్పుడు వాడే నాకంటే ముందు చెబుతాడు."

చీకటి పడ్డాక కిందికి దిగి, ఇసుక మీద పాతచోటే కూర్చున్నాం. సరిగ్గా పాతచోటేనని చెప్పలేను. సముద్రం ఒడ్డున గుర్తులు ఎక్కడ నిలుస్తాయి? మనుమరాలు లెక్కపెట్టింది. పది సెకండ్లలో రెండు మెరుపులు. మళ్ళీ పది, మళ్ళీ రెండు. ఆ రాత్రి మా రైలు తప్పిపోయింది.

ఈ నెల లెక్క: ఒక ఓడ మీద కాపలా కాసే మనిషి కన్ను నీటికి 96 అడుగుల ఎత్తున ఉన్నది. ఓడ గంటకు 9 మైళ్ళ చొప్పున, 150 అడుగుల ఎత్తున ఉన్న దీపం వైపుకు తిన్నగా వస్తున్నది. దీపం మొదటిసారి కనబడిన తరువాత ఎంత సేపటికి ఓడ దాని దగ్గరకు వస్తుంది? దారిలో ఇసుక మేట లేదనే అనుకోండి. జవాబులు కార్డు మీద రాసి పంపండి. వచ్చే నెల చూద్దాం.